జలుబు చేసినప్పుడు వ్యాయామమా, విశ్రాంతా? తిరుపతిలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాటేదాకా, తెల్లారి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులోనో ప్రకాశం పార్కులోనో నడిచేవాళ్ళను చూడండి. ఒక చేతిలో సెల్లు, ఇంకో చేతిలో కర్చీఫ్. ఇంట్లో పెద్దవాళ్ళేమో "పడిశం పది రోగాల పెట్టు, కదలకుండా పడుకో" అంటారు. పక్కన నడిచే స్నేహితుడేమో "నాలుగు రౌండ్లు కొట్టు, చెమటకు అదే పోతుంది" అంటాడు. పొద్దునపూట కొంతమందికి వ్యాయామం చేయించే పని నాది. వాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ రాశాను. నేను డాక్టర్ని కాదు. మందుల ఊసు వచ్చినచోట డాక్టర్లు మామూలుగా చెప్పే మాటే చెప్పాను, సొంత వైద్యం ఏమీ కలపలేదు.

ముక్కు కారుతోంది, తుమ్ములొస్తున్నాయి. జ్వరం లేదు. ఈరోజు రావాలా, మానాలా?

రావచ్చు. కానీ రోజూ చేసేదాంట్లో సగమే చేయాలి.

క్రీడావైద్యులు చాలా ఏళ్ళుగా వాడే సులువైన లెక్క ఒకటుంది. బాధంతా మెడకు పైనే ఉంటే, అంటే ముక్కు కారడం, ముక్కు దిబ్బడ, తుమ్ములు, గొంతులో కాస్త గరగర, అంతవరకే అయితే తేలికపాటి వ్యాయామం చేసుకోవచ్చు. మెడకు కింద ఏదున్నా విశ్రాంతే. ఈ లెక్కకు నేనొక పది నిమిషాల పరీక్ష కలుపుతాను. మెల్లగా నడక మొదలుపెట్టండి. పది నిమిషాలకు తల తేలికపడి ఒళ్ళు హుషారైతే ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు నడవండి. తల దిమ్ముగా ఉండి కాళ్ళు లాగుతుంటే అక్కడి నుంచే ఇంటికి పొండి. వచ్చినందుకు పూర్తిచేయాలన్న పట్టుదల ఆ రోజుకు వద్దు.

నడిచేటప్పుడు ముక్కు తెరుచుకుని హాయిగా అనిపిస్తుంది. ఒళ్ళు కదిలితే అడ్రినలిన్ పెరుగుతుంది, దాంతో ముక్కు లోపలి రక్తనాళాలు కుంచించుకుంటాయి, గాలి ఆడుతుంది. జబ్బు తగ్గిందని దానర్థం కాదు. ఇంటికొచ్చి కూర్చున్నాక మళ్ళీ దిబ్బడ వేస్తే కంగారు పడకండి.

మెడకు కింద అంటే ఏమేమి?

ఛాతీలో బరువు, గళ్ళ పడే దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, ఒళ్ళునొప్పులు, వాంతులు, విరేచనాలు. జ్వరం కూడా ఈ జాబితాలోదే, ఎందుకంటే అది ఒళ్ళంతటికీ సంబంధించింది. వీటిలో ఒక్కటున్నా వ్యాయామం బంద్.

99 ఉంది. అది జ్వరం కిందికి వస్తుందా?

థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే జ్వరమని డాక్టర్ల లెక్క. 99 అంటే జ్వరం కాదు, కానీ జ్వరం రాబోతోందన్న సూచన కావచ్చు. వణుకు, ఒళ్ళునొప్పులు, నీరసం కూడా తోడైతే ఆ రోజుకు మానేయండి. సాయంత్రానికి ఎలాగూ తేలిపోతుంది.

థర్మామీటరు లేనివాళ్ళకు నాడి ఉంది. పొద్దున మంచం దిగకముందే మణికట్టు దగ్గర వేలు పెట్టి నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. ఒళ్ళు బాగున్న రోజుల్లో మీ నాడి ఎంతో ముందే తెలిసుండాలి, లేకపోతే ఈ పద్ధతి పనికిరాదు. మామూలు కంటే పది దాకా ఎక్కువ కొట్టుకుంటుంటే లోపల ఏదో పోరాటం జరుగుతున్నట్టే. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. దాని మీద పరుగు కూడా పెడితే గుండెకు రెండు బరువులు.

పారాసెటమాల్ వేసుకుంటే జ్వరం దిగింది. ఇప్పుడు పోవచ్చా?

వద్దు. నేను గొంతు పెంచి చెప్పేది ఈ ఒక్క విషయంలోనే. మాత్ర వేడిని దించింది, వైరస్‌ను కాదు. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి కూడా పాకి వాపు తెస్తాయి, దాన్ని మయోకార్డైటిస్ అంటారు. ఇది అరుదు. అయితే జ్వరం మీద గట్టిగా పరుగెత్తినా, బరువులెత్తినా ఆ వాపు ముదిరి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కుర్రవాళ్ళకూ, ఒళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకూ కూడా వస్తుంది. మాత్ర వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుండా గడవాలి. ఆ తర్వాతే బూట్లు కట్టుకోండి.

చెమట పట్టిస్తే జలుబు పోదా? మా నాయన అలాగే చేసేవాడు.

పోదు. జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో ఎక్కువగా తగిలేది రైనోవైరస్. అది ముక్కులో, గొంతులో పొర మీద ఉంటుంది, చెమటతో బయటికి రాదు.

దీన్ని సరిగ్గా పరీక్షించి చూసినవాళ్ళున్నారు. అమెరికాలోని బాల్ స్టేట్ యూనివర్సిటీలో థామస్ వైడ్నర్ బృందం యాభై మంది విద్యార్థులకు కావాలనే ముక్కులో రైనోవైరస్ వేసింది. కొందరి చేత రోజు విడిచి రోజు 40 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయించారు, మిగతావాళ్ళను ఊరికే ఉంచారు. 1998లో ఫలితం అచ్చయింది. రెండు గుంపుల్లోనూ జలుబు తీవ్రతలో గానీ, ఎన్నాళ్ళుందన్నదాంట్లో గానీ తేడా రాలేదు. అంటే వ్యాయామం చేసినంత మాత్రాన తొందరగా తగ్గలేదు, ముదరనూ లేదు. ఇంట్లోవాళ్ళు భయపెట్టేదీ, స్నేహితుడు ఎగదోసేదీ రెండూ తప్పేనన్నమాట. కాకపోతే వాళ్ళంతా ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళు, జ్వరంలేని మామూలు జలుబు, చేసిందీ మోస్తరు వ్యాయామమే. అరవై ఏళ్ళ బీపీ మనిషి ఈ కబురు విని పరుగు తీయకూడదు.

ఓ మోస్తరు అంటే ఎంత? నాకు ఫిట్‌నెస్ వాచీ లేదు.

మన ఊళ్ళో వాచీ దేనికి? మెట్లెక్కేవాళ్ళ పక్కన నిలబడి వినండి. ఒకాయన "ఏడుకొండలవాడా" అంటాడు, వెనకవాళ్ళు "గోవిందా గోవిందా" అంటారు. నడుస్తూ ఆ గోవింద తెగకుండా నోరారా పలకగలిగితే మీరు మోస్తరులో ఉన్నట్టు. "గోవిం..." దగ్గర ఆగి గాలి పీల్చుకుని "...దా" అంటున్నారంటే మోతాదు మించింది, తగ్గించాలి. జలుబు రోజుల్లో ముక్కు మూసుకుపోయి నోటితోనే ఊపిరి పీలుస్తాం కాబట్టి మామూలుగా పలికే వేగంలో కూడా మాట తెగుతుంది. ఆ రోజుకు అదే మీ హద్దు.

మొక్కు ఉంది. రేపు అలిపిరి నుంచి నడిచి ఎక్కాలి. ఈరోజు జలుబు పట్టింది. ఏం చేయాలి?

బయటి ఊళ్ళ నుంచి వచ్చే బంధువుల కోసం మనవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. టికెట్ తీసుకుని, సెలవు పెట్టుకుని, రైలెక్కి వస్తారు. జలుబుందని చెప్పినా వినే స్థితిలో ఉండరు.

ముందు దారి సంగతి తెలియాలి. అలిపిరి మెట్లు 3,550, దూరం సుమారు తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దాకా దాదాపు నిలువెక్కుడే. ఆ తర్వాత చాలా దూరం చదునుగా, హాయిగా ఉంటుంది. ఇక అయిపోయిందిలే అనుకునేవేళకు మోకాళ్ళ మెట్టు వస్తుంది. శ్రీవారి మెట్టు దారి చిన్నది, 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల చిల్లర. చిన్నదే కదా, జలుబుకు అదే మేలని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అది తలకిందుల ఆలోచన. అదే కొండను తక్కువ దూరంలో ఎక్కాలి, మధ్యలో చదును తక్కువ. ఊపిరికి తెరిపి ఉండదు. జలుబుతోనే ఎక్కక తప్పదంటే నేను అలిపిరే చెబుతాను, అక్కడ కూర్చుని కూర్చుని ఎక్కొచ్చు.

ఎక్కే అర్హత ఎవరికుందంటే, ముక్కు, గొంతు తప్ప ఇంకే బాధా లేనివాళ్ళకు, అదీ జలుబు మొదలై మూడు నాలుగు రోజులు దాటి తగ్గుముఖం పట్టినవాళ్ళకు. నిన్నో మొన్నో మొదలైన జలుబు ఇంకా ముదిరే దశలో ఉంటుంది. కొండ కింద మామూలు జలుబే అనుకున్నది సగం మెట్లకు జ్వరం కావచ్చు. ఇక జ్వరం, దగ్గు, ఆయాసం ఉంటే అలిపిరిలో బస్సెక్కండి. ఉబ్బసం, గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళు, పెద్ద వయసువాళ్ళు నడిచి రావద్దని టీటీడీ ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంటుంది. జలుబు లేకపోయినా వాళ్ళకు అదే మాట.

వెళ్ళేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. చెమటతో తడిసిన బట్టల్లో కొండపైన గాలికి నిలబడకండి, పొడి చొక్కా, తువ్వాలు భుజాన సంచిలోనే పెట్టుకోండి. సామాను కౌంటర్‌లో ఇచ్చేసిన పెట్టెలో ఉంటే చేతికొచ్చేసరికి వణికిపోతారు. రెండోది, క్యూ కాంప్లెక్సులో మాస్క్. మీ జలుబు పక్కవాళ్ళ చంటిబిడ్డకు ప్రసాదంగా పెట్టకూడదు.

మొక్కు తప్పినట్టవుతుందేమోనని పెద్దవాళ్ళు బాధపడతారు. ఆరోగ్యం కుదిరాక ఇంకోసారి నడిచి తీర్చుకోవచ్చు, స్వామి ఎక్కడికీ పోడు, కొండ అంతకన్నా పోదు.

వచ్చేవారం కానిస్టేబుల్ ఫిజికల్ టెస్ట్. 1,600 మీటర్లు పరుగెత్తాలి. ఇప్పుడు ప్రాక్టీసు ఆపితే ఎలా?

తారకరామ స్టేడియంలో ఈ టెన్షన్‌తో కళ్ళు ఎర్రగా చేసుకుని పరుగెత్తే పిల్లల్ని చూస్తుంటాను. నాయనా, పరీక్షకు వారం ముందు కొత్తగా వచ్చే దమ్మంటూ ఏమీ ఉండదు. అది మూడు నెలల కిందట చేసినదాన్నుంచి వచ్చేది. ఈ వారంలో మీరు పాడుచేసుకోగలరే తప్ప పెంచుకోలేరు.

జ్వరం లేకపోతే రెండు రోజులు నడక, తేలికపాటి జాగింగ్. తగ్గాక రెండు మూడు చిన్న చిన్న స్పీడు పరుగులు, అంతే. జ్వరముంటే పూర్తిగా పడక. జ్వరం పరీక్ష రోజుకు కూడా తగ్గకపోతే అక్కడి అధికారులకు డాక్టర్ చీటీతో చెప్పుకుని వేరే తేదీ అడగండి, ఇస్తారా లేదా అన్నది ఆ నోటిఫికేషన్ నిబంధనల్లో చూసుకోవాలి. జలుబు మాత్ర మింగి లైన్ మీద నిలబడటం మాత్రం వద్దు, ఎందుకో కింద చెబుతాను.

మెడికల్ షాపులో ఇచ్చే జలుబు మాత్ర వేసుకుని వ్యాయామం చేయొచ్చా?

ఆ ఒక్క మాత్రలో సాధారణంగా మూడు మందులుంటాయి. జ్వరానికి పారాసెటమాల్, ముక్కు కారకుండా క్లోర్‌ఫెనిరమైన్ లాంటిది, దిబ్బడకు ఫినైల్‌ఎఫ్రిన్ లాంటిది. మొదటిది జ్వరాన్ని దాచేస్తుంది. రెండోది మత్తు తెస్తుంది, నోరు ఎండబెడుతుంది. బరువులెత్తేటప్పుడే కాదు, ఘాట్ రోడ్డు మీద బండి నడిపేటప్పుడూ ఆ మత్తు ప్రమాదమే. మూడోది కొందరిలో బీపీ పెంచుతుంది, గుండెదడ తెస్తుంది. వీటితో పరుగు కలిపితే మీ ఒళ్ళు చెప్పేది మీకు వినపడదు. మాత్ర వేసుకోవాల్సినంత బాధుంటే ఆ పూట వ్యాయామం అక్కర్లేదు, నా పద్ధతి అదే.

ముక్కులో వేసుకునే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు వరసగా నాలుగైదు రోజులకు మించి వాడితే దిబ్బడ ఇంకా ఎక్కువవుతుంది. ఇక యాంటీబయాటిక్స్ వైరస్ మీద పనిచేయవు. షాపు అతను "ఒక అజిత్రోమైసిన్ కూడా వేసుకో సార్" అంటే మర్యాదగా వద్దనండి.

జిమ్ముకు పోవచ్చా?

మీకు ఫరవాలేదేమో, పక్కవాళ్ళకు కాదు. మొదటి మూడు నాలుగు రోజుల్లోనే జలుబు ఎక్కువగా అంటుకుంటుంది. తలుపులు మూసి ఏసీ వేసిన గది, అందరూ ముక్కు తుడుచుకున్న చేతులతో పట్టుకునే ఒకటే డంబెల్. ఆ రోజుల్లో చెర్లోపల్లి రోడ్డు మీదో, ఇంటి మిద్దె మీదో నడవండి. నెలసరి ఫీజు కట్టాం కదా, దండగవుతుందనేవాళ్ళకు నా దగ్గర జవాబు లేదు.

యోగా, ప్రాణాయామం?

నిదానంగా చేసే ఆసనాలు బాగానే ఉంటాయి. తల కిందికి వంచేవి, సర్వాంగాసనం లాంటివి ఆపండి, ముక్కు పక్కన, నుదుటి వెనక బరువెక్కి తలనొప్పి వస్తుంది. సూర్యనమస్కారాల్లో కూడా వంగే చోట అదే ఇబ్బంది. మూసుకుపోయిన ముక్కుతో నాడీశోధన బలవంతాన చేయకండి, కపాలభాతి అసలే వద్దు. గట్టిగా చీదినా, ఊదినా ఒత్తిడి చెవుల్లోకి పోతుంది. భ్రామరి, శవాసనం చేసుకోండి.

జలనేతి, అంటే ముక్కులో నీళ్ళు పోసి కడుక్కోవడం, చేసేవాళ్ళు కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు అలాగే వాడకూడదు. మరగబెట్టి చల్లార్చిన నీళ్ళే వాడాలి. మురికినీళ్ళు ముక్కులోకి పోతే మెదడుకు పాకే అమీబా ఒకటుంది. చాలా అరుదు, కానీ వస్తే బతకడం కష్టం.

సుగర్, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్ళు?

ఉబ్బసం ఉన్నవాళ్ళకు జలుబే పెద్ద శత్రువు. తెల్లవారుజాము చలిగాలి, దాని మీద వ్యాయామం, రెండూ ఊపిరిగొట్టాలను బిగబట్టేవే. జలుబు పూర్తిగా తగ్గేదాకా ఆగండి, ఇన్‌హేలర్ డాక్టర్ చెప్పినట్టు మానకుండా వాడండి. సుగర్ ఉన్నవాళ్ళకు జబ్బు చేసినప్పుడు తిండి తగ్గినా సుగర్ పెరగొచ్చు, మామూలు కంటే ఎక్కువసార్లు చూసుకోవాలి, దగ్గు సిరప్‌లో చక్కెర ఉందేమో అడగాలి. బీపీవాళ్ళు దిబ్బడ మాత్రలు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు.

పిల్లల్ని ఆటకు పంపొచ్చా?

జ్వరం లేకుండా, వాళ్ళే ఆడతామని గెంతుతుంటే ఇంటి దగ్గర ఆడనివ్వండి. మూలన కూర్చున్న బిడ్డను "పో, గ్రౌండుకు పో" అని తోలకండి. పిల్లలు ఈ విషయంలో పెద్దవాళ్ళకంటే తెలివైనవాళ్ళు, ఒంట్లో బాగాలేకపోతే పడుకుంటారు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. పెద్దవాళ్ళ మాత్ర సగం విరిచి ఇచ్చే అలవాటు మానాలి.

లంఖణం పరమౌషధం అంటారు కదా. తినకుండా ఉండాలా?

ఆకలి లేకపోతే బలవంతంగా తినక్కర్లేదు. ఆకలేస్తే మాత్రం మానొద్దు. వేడివేడి మిరియాల చారు, మెత్తటి అన్నం, రాగిజావ, శొంఠి కాఫీ, ఏవైనా సరే, గొంతుకు వేడి తగిలి, నీళ్ళు లోపలికి పోతే చాలు. పెద్దవాళ్ళకు రాత్రి దగ్గుకు చెంచాడు తేనె హాయి, ఏడాదిలోపు పిల్లలకు మాత్రం తేనె ఇవ్వకూడదు. ఆవిరి పడితే తాత్కాలికంగా తెరిపిస్తుంది, కానీ ఒడిలో గిన్నె పెట్టుకోకండి. ఒలికి తొడలు కాలినవాళ్ళు జలుబు కంటే ఎక్కువ రోజులు మంచంలో ఉంటారు. లంఖణం చేసిన రోజు వ్యాయామం ఉండదు.

తలస్నానం చేస్తే ముదురుతుందా?

జలుబు తెచ్చేది వైరస్, నీళ్ళు కాదు. వేడినీళ్ళతో చేసి వెంటనే తల ఆరబెట్టుకోండి.

వారం మానేస్తే ఇన్నాళ్ళ కష్టం పోతుందేమో?

పోదు. వారం, పది రోజుల విశ్రాంతికి దమ్ములో చెప్పుకోదగ్గ తేడా రాదు. కండబలం రెండు మూడు వారాల దాకా నిలుస్తుంది. పోయేది అలవాటు. అదే భయమైతే, మీరు రోజూ నడిచే వేళకు లేచి మిద్దె మీద పది నిమిషాలు నిలబడి రండి.

తగ్గాక ఎలా మొదలుపెట్టాలి?

ఉత్త జలుబైతే మొదటి రోజు సగం, మర్నాడు ముప్పావు, మూడో రోజుకు మామూలు. జ్వరం వచ్చి తగ్గితే ఈ మూడు రోజులు చాలవు, కనీసం అంతకు రెట్టింపు తీసుకోండి. ముందు నడక, తర్వాత జాగింగ్, బరువులు చివరికి. డెంగీ, ఫ్లూ, కోవిడ్ లాంటివి వచ్చినవాళ్ళు డాక్టర్ చెప్పాకే. మొదలుపెట్టాక ఛాతీలో నొప్పి, గుండెదడ, కళ్ళు తిరగడం, మామూలు కంటే ఎక్కువ ఆయాసం, వీటిలో ఏదొచ్చినా ఆపేసి ఈసీజీ తీయించుకోండి.

మాటిమాటికీ జలుబు చేస్తోంది. వ్యాయామం ఎక్కువై ఇలా అవుతోందా?

పెద్దవాళ్ళకు ఏడాదికి రెండు మూడు జలుబులు మామూలే. ఇంట్లో బడికి పోయే పిల్లలుంటే ఇంకా ఎక్కువ. రోజూ ఓ మోస్తరుగా నడిచేవాళ్ళకు లాభమే. మారథాన్ లాంటి భారీ పరుగుల తర్వాత మాత్రం జలుబులు ఎక్కువని 1987 లాస్ ఏంజెలెస్ మారథాన్ పరుగువీరుల మీద డేవిడ్ నీమన్ చేసిన పరిశీలనలో కనిపించింది.

మనవాళ్ళలో నేను ముందు అడిగేది వ్యాయామం గురించి కాదు, నిద్ర గురించి. రాత్రి పన్నెండు దాకా సెల్లు, నాలుగున్నరకు అలారం, ఆపైన పరుగు. 2015లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో 164 మంది ముక్కులో జలుబు వైరస్ వేసి చూశారు. ఏడు గంటలకు మించి పడుకున్నవాళ్ళతో పోలిస్తే ఆరు గంటలలోపు పడుకునేవాళ్ళకు జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉంది. నిద్ర చాలని రోజు అలారం ఆపి పడుకోండి. వ్యాయామం నేర్పేవాణ్ణి ఇలా చెబితే బ్యాచ్ పలచబడుతుంది, అయినా సరే.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పోవాలి?

మామూలు జలుబు వారం, పది రోజుల్లో పోతుంది. పది రోజులైనా తగ్గకపోయినా, తగ్గి మళ్ళీ జ్వరంతో తిరగబెట్టినా చూపించుకోవాలి. ముక్కు కారడం పెద్దగా లేకుండా ఎకాఎకి గట్టి జ్వరం, కళ్ళ వెనక నొప్పి, విపరీతమైన ఒళ్ళునొప్పులు ఉంటే అది జలుబు కాదు. వానలు పడ్డాక మన దగ్గర డెంగీ అనుమానించాల్సిందే. రక్తపరీక్ష అయ్యేదాకా పారాసెటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు మింగకండి. దగ్గు రెండు వారాలు దాటితే గళ్ళ పరీక్ష చేయించండి, క్షయ ఉందేమో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే చూస్తారు. ఊపిరి ఆడకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఛాతీలో నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.